భట్టుగారి బొమ్మ వెల

కనకవరం రాజు ధర్మసేనుడికి ఒక మధ్యాహ్నం ఏ బుద్ధి పుట్టిందో, వంటశాల వైపు నడిచాడు. అక్కడ బారులు తీరి పప్పన్నం కలుపుకుంటున్న కుర్రకారును చూసి ఆగిపోయాడు.

"ఎవరోయ్ వీళ్లంతా?"

"మన చిత్రశాలలో చదువు ముగించినవాళ్లు ప్రభూ," అన్నాడు వంటవాడు. "బొమ్మలు బ్రహ్మాండంగా వేస్తారు. భోజనానికి మాత్రం ఇక్కడికే వస్తారు."

రాజుకి చిర్రెత్తింది. సాయంత్రం సభలో తేల్చి చెప్పేశాడు. "నేను పెట్టింది చిత్రశాలా, సత్రమా? వచ్చే పున్నమిలోగా వీళ్లలో ఒక్కరైనా తన బొమ్మకి తానే వెల చెప్పి అమ్మి చూపించాలి. లేదా చిత్రశాలకి తాళం. బుచ్చన్నా, ఆ విద్య నేర్పే పూచీ నీది."

చిత్రశాల అధిపతి విద్యాధర భట్టు ఉత్తరీయం సర్దుకుంటూ లేచాడు. "ప్రభూ, కళాకారుడు వెల గురించి నోరెత్తకూడదు. అది సరస్వతిని సంతలో నిలబెట్టడమే. పుచ్చుకున్నవారు సంతోషించి ఏమిస్తే అది. నా శిష్యులకి నేను నేర్పింది ఇదే."

"అందుకేగా వాళ్లు నా వంటశాలలో తేలారు," అన్నాడు రాజు.

సభంతా నవ్వింది. బుచ్చన్న కూడా నవ్వాడు గానీ, ఆ విద్య తనకే రాదని అతనికి తెలుసు. ఆస్థానంలో చమత్కారాలు చెప్పడం అతని కొలువు. ఎవరేమిచ్చినా "తమ దయ" అని కళ్లకద్దుకోవడమే తప్ప, ఇంత కావాలని అడిగిన పాపాన పోలేదు. అందుకే ఇంటినిండా శాలువాలు. భార్య వాటిని చింపి మసిగుడ్డలు చేసుకుంటోంది. పిల్లలిద్దరూ ఎక్కడో దూరాన వీణ నేర్చుకుంటున్నారు. అటు వెళ్లే ప్రతి బాటసారి చేతా "వేళకి తింటున్నారా, తలకి నూనె రాస్తున్నారా" అని కబురంపి విసిగించడమే గానీ, ఆ వీణతో రేపెలా బతకాలో ఒక్క ముక్క చెప్పలేని తండ్రి. అలాంటివాడు ఇప్పుడు ఊరి పిల్లలందరికీ గురువు!

మర్నాడు చిత్రశాలకి వెళ్లాడు. అక్కడ చదువు ముగించినవాళ్లలో మల్లసాని అనే అమ్మాయిది అందరికంటే మంచి చెయ్యి. చిత్రశాల మూసేస్తే కుంచె పక్కన పడేసి మేనమామగారి గానుగ దగ్గరికి పోవాల్సిందే. బుచ్చన్న కొనడానికి వచ్చినవాడిలా ఆమె ముందు కూర్చున్నాడు.

"ఈ చిలక బొమ్మ ఎంతమ్మా?"

"మీ ఇష్టం బాబాయిగారూ."

"నా ఇష్టమైతే ఊరికే పట్టుకుపోతాను."

"పట్టుకుపోండి. మీకు నచ్చింది, అంతే చాలు."

బుచ్చన్న తల పట్టుకున్నాడు. "ఇలా కాదు. నేను అమ్ముతాను, నువ్వు కొను. చూసి నేర్చుకో."

"బాగుందండీ, ఎంత?" అంది మల్లసాని.

బుచ్చన్న గొంతు సవరించుకున్నాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. చివరికి నోరు పెగిలింది.

"నీకంటే ఎక్కువా తల్లీ, తీసుకెళ్లు."

పిల్లలు గొల్లున నవ్వారు. "బాబాయిగారూ, ఈ విద్య మీకెవరు నేర్పారు?" అన్నారొకరు.

"ఎవరూ నేర్పలేదని తెలియడం లేదూ!" అన్నాడు బుచ్చన్న.

దారంతా తనని తాను తిట్టుకుంటూ ఇంటికి నడిచాడు. వెల చెప్పే నోరు పున్నమిలోగా రాదు. పోనీ, పని మొదలుపెట్టేముందు ఒక ప్రశ్న అడిగే నోరు వస్తే? ఆ ప్రశ్నొక్కటే మల్లసాని చేత వల్లె వేయించాడు.

తర్వాత ఆమెని సభకి తీసుకొచ్చి, "ఈ పిల్ల మొట్టమొదట గురువుగారి బొమ్మే వేస్తుందట ప్రభూ," అన్నాడు. భట్టు గడ్డం పైకెత్తి మందహాసం చేశాడు.

మల్లసాని వల్లె వేసిన ప్రశ్న అడిగింది. "గురువుగారూ, దీనికి రుసుము ఇస్తారా? ఇవ్వకపోతే బొమ్మ ఎవరిదవుతుంది?"

"గురువునే రుసుము అడుగుతావా? నా ఆశీర్వాదం చాలదూ! బొమ్మ నువ్వే ఉంచుకో, ఎవరికైనా ఇచ్చుకో."

"ప్రభువులు విన్నారు కదా?" అన్నాడు బుచ్చన్న.

"విన్నాను," అన్నాడు రాజు.

భట్టు సుష్టుగా భోంచేసి వచ్చి పీఠమెక్కాడు. మల్లసాని రంగులు కలిపేలోపే ఆయన కళ్లు మూతలు పడ్డాయి. ఆమె బుచ్చన్న వైపు చూసింది.

"ఉన్నది ఉన్నట్టు వెయ్యమ్మా. వేళాకోళానికి ఒక్క గీత కూడా వద్దు," అన్నాడతను గుసగుసగా. ఆపైన అంగడి వీధికి వెళ్లి, అక్కడ ఒక దుకాణంలో కాసేపు కూర్చుని వచ్చాడు.

పున్నమినాడు సభలో బొమ్మ మీద తెర తీశారు. అందులో భట్టు తల ఒక పక్కకి వాలింది, నోరు సగం తెరుచుకుంది, ముఖం నిండా పరమసుఖం. చూస్తూ చూస్తూనే మంత్రి ఆవలించాడు. ఆయన్ని చూసి సేనాపతి ఆవలించాడు.

"అది ధ్యానం!" అని అరిచాడు భట్టు.

"గురక వినిపించే ధ్యానం," అన్నాడు రాజు.

అంతలో, బుచ్చన్న ఆవేళ కూర్చుని వచ్చిన పరుపుల దుకాణం వీరయ్య ముందుకొచ్చాడు. "అమ్మాయ్, దీన్ని నా కొట్టు గుమ్మానికి కడతాను. నా పరుపు మీద నిద్ర ఎలా పడుతుందో ఇక నేను నోటితో చెప్పక్కర్లేదు. ఎంతకిస్తావు?"

"మీ ఇ..." అనబోయింది మల్లసాని. బుచ్చన్న గట్టిగా దగ్గాడు. ఆమె నోరు మూసుకుంది.

ఆ మౌనం చూసి భట్టు బెంబేలెత్తిపోయాడు. ఇచ్చేస్తుందేమో! రేపటి నుంచి ఊరంతా తన నిద్ర ముందు నిలబడి పరుపులు బేరమాడుతుందేమో! "ఆగు, నేను కొంటాను! ఆయన ఇచ్చేదానికి రెట్టింపు!"

"దేనికి రెట్టింపు భట్టుగారూ?" అన్నాడు బుచ్చన్న. "అమ్మాయి ఇంకా వెల చెప్పనేలేదే."

భట్టు రెండు చేతులూ జోడించాడు.

"వెల చెప్పవే తల్లీ! నోరు తెరిచి చెప్పు!"

రాజు సింహాసనం మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుల్లోనే మల్లసాని గొంతు విప్పింది. "పది వరహాలు గురువుగారూ. చిత్రశాల పిల్లలకి ఏడాదికి సరిపడా రంగులు కూడా."

"ఇచ్చాను, ఇచ్చాను! ముందు దాని మీద తెర వెయ్యండి!"

"మరి నా గుమ్మానికో?" అన్నాడు వీరయ్య.

"వేరేది వేస్తాను. ముందు రుసుము మాట్లాడుకుందాం రండి," అంది మల్లసాని.

"చిత్రశాలకి తాళం లేదు," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "బుచ్చన్నా, నీకేం కావాలో అడుగు."

బుచ్చన్నకి మళ్లీ చెమట పట్టింది. మెల్లగా మల్లసాని వెనక్కి జరిగాడు.

"నా తరఫున నువ్వే అడుగమ్మా."

మల్లసాని అడిగింది. రాజు నవ్వాపుకోలేక అడిగినదంతా ఇచ్చాడు. అందులో తన వంతు ఎంతో కూడా ఆ పిల్ల అక్కడికక్కడే చెప్పేసింది.