దిబ్బను తవ్విన ముట్టెన్న

అనగనగా ఓ మెట్ట అడవి ఉండేదర్రా. అక్కడికి వాన చుట్టపుచూపుగా వచ్చిపోయేది. ఆ అడవిలో ముట్టెన్న అనే అడవిపంది పెళ్ళాం పిల్లలతో కాపురముండేవాడు.

అడవికి పడమట ఎండిపోయిన వాగు. వాగు నిండా ఇసుక. వాగుకీ అడవికీ మధ్య గడ్డి మొలిచిన దిబ్బ. దిబ్బకు ఇవతల చిన్న నీటి చెలమ. జీవాలన్నిటికీ ఆ నీళ్ళే దిక్కు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ముట్టెన్నకు కడుపు కాలింది. దిబ్బ మీది గడ్డిదుబ్బు ఒకటి ముట్టెతో పెకలించి చూశాడు. వేర్లు ఎంత తియ్యగా ఉన్నాయో!

కౌజుపిట్ట చిట్టెక్క పరుగున వచ్చింది.

"అన్నా, పైగడ్డి మేస్తే మేయి. వేర్లు మాత్రం తీయకు. ఇసుకను ఆపేవి అవే" అంది.

"ఇసుకకేమన్నా కాళ్ళున్నాయా, లేచి రావడానికి?" అని నవ్వాడు ముట్టెన్న.

మొదటి రోజు ఓ మూల తవ్వాడు. రెండో రోజు సగం. మూడో రోజుకి దిబ్బ బోడిగుండైంది.

వైశాఖంలో పడమటి గాలి లేచింది. ఇసుకకు కాళ్ళు కాదు, రెక్కలే వచ్చాయి. చెలమ పూడిపోయింది.

జింకలు కొండ అవతలికి బయలుదేరాయి.

"మనమూ పోదాం పదవయ్యా. ఎవరు తవ్వారో ఎవరడగొచ్చారు?" అంది ముట్టెన్న భార్య.

ముట్టెన్న కదల్లేదు. పొద కింద చిట్టెక్క పిల్లలు దాహంతో నోళ్ళు తెరిచి ఉన్నాయి. అంత దూరం అవి నడవలేవు. అతను పరుగున వెళ్ళి జింకలకు అడ్డం నిలిచాడు.

"ఆగండి! దిబ్బను పాడుచేసింది నేనే. ముందు నీళ్ళు తీస్తాను. తర్వాత దిబ్బ సంగతి చూద్దాం, తలో చెయ్యి వేయండి" అన్నాడు.

ముట్టె ఒరుసుకుపోయేలా తవ్వాడు. చెలమలో తడి తగిలింది, నీరు ఊరింది. జింకలు ఆగిపోయాయి. ముట్టెన్న రేగుకంపలు ఈడ్చుకొచ్చి గాలికి అడ్డంగా వేశాడు. కంపల వెనక పిట్టలు గడ్డిగింజలు చల్లాయి. జింకలు ఎరువుగా పెంట వేశాయి.

ఆషాఢంలో నాలుగు చినుకులు పడ్డాయి. దిబ్బ మీద పచ్చటి మొలకలు!

"నాన్నా, ఒక్కటంటే ఒక్కటి తింటాం" అన్నాయి పందిపిల్లలు.

ముట్టెన్నకూ నోరూరింది. గుటక మింగి, "వద్దర్రా. వాటిని వేరు పట్టనీయండి. పదండి, గుట్ట వెనక దుంపలు వెతుకుదాం" అని పిల్లలను తోలుకుపోయాడు. దుంపలు కొన్నే దొరికాయి. అందరూ పంచుకున్నారు.

మూడేళ్ళకు గడ్డి జింకల కడుపుల దాకా ఎదిగింది. మళ్ళీ వైశాఖం, మళ్ళీ పడమటి గాలి. గడ్డి వంగింది, లేచింది. ఇసుక మాత్రం కదల్లేదు. ముట్టెన్న తృప్తిగా నీళ్ళు తాగాడు. చెలమ గట్టున బురదలో పొర్లి, గాలి హోరు వింటూనే కునుకు తీశాడు.

నీతి: ఆకు తింటే మళ్ళీ చిగురిస్తుంది, వేరు తింటే నేలే పోతుంది. చెడగొట్టినవాడే బాగుచేయడానికి ముందుగా నడుం కట్టాలి.