కొంగమ్మ మెడలో దారిపెట్టె

కొండల నడుమ పెద్ద మైదానం. ఇంజను లేని విమానాలెక్కిన మనుషులు అక్కడినుంచే గాలి మీద తేలుతూ కొండలు దాటేవారు. కొంగమ్మదీ అదే విద్య. ఎండకు వేడెక్కి లేచే గాలిలో గుండ్రంగా తిరుగుతూ పైకెక్కేది. అక్కడినుంచి రెక్క ఆడించకుండా జారుకుంటూ అవతలి కొండ మీది పిల్లల్ని చేరేది.

ఒకనాడు మేత ముగించి బయలుదేరబోతుంటే నక్క ఎదురొచ్చింది. నోట పట్టిన పట్టీకి చిన్న పెట్టె వేలాడుతోంది. దాన్ని కొంగమ్మ ముందు పెట్టింది.

"వదినా, ఏ విమానంలోంచో జారిపడింది. గ్లైడ్ కంప్యూటరట. ఈ ఎత్తు చాలు, ఇక జారితే గూటికి చేరతావని ఇదే చెబుతుంది. ఇంకా పైకెక్కే శ్రమ నీకెందుకు? నీ కొండ గుర్తు కూడా నేనే నొక్కి పెట్టాను."

అడగనిదే అమ్మయినా పెట్టదు. ఈ నక్క ఎందుకు పెడుతున్నట్టు? కొంగమ్మ మెడ వెనక్కి లాక్కుంది.

"నా గూడు ఏ కొండ మీదో నీకెవరు చెప్పారు మరిదీ?"

నక్క దగ్గింది. "మంచి కోరేవాడికి ఆమాత్రం తెలియదా!"

"సరే. ఇది ఎవరి రెక్కలు చూసి లెక్క కడుతుంది?"

"రెక్కలన్నీ రెక్కలే కదా వదినా! అన్నట్టు, పైకి లేస్తే కూనిరాగం తీస్తుంది, కిందికి దిగితే ఏడుస్తుంది. బెదరకేం."

కాదంటే ఈ మాటలే ఇంకో కొంగకు చెబుతాడు. వీడి సంగతేమిటో చూద్దామనుకుంది కొంగమ్మ. సూర్యనారాయణుడికి మనసులోనే దండం పెట్టుకుని, పట్టీ మెడకు తగిలించుకుని లేచింది. పెట్టె కూనిరాగం తీసింది. రోజూ ఎక్కే ఎత్తులో సగమైనా రాకముందే, ఇక చాలు వెళ్లమంది.

కొంగమ్మ కిందికి చూసింది. ఇక్కడినుంచి జారితే తను కొండ చేరదు. దిగేది దాని మొదట్లో ఉన్న ఈతపొదల్లోనే. అక్కడ పడితే మళ్లీ రెక్క చాపే చోటుండదు. ఆ పొదల్లోకే, పొట్ట నేలకానించి, నక్క పరుగెడుతోంది!

"ఓహో! నాకంటే దూరం జారే విమానం రెక్కల లెక్క నాకు కట్టి, విస్తరి తనకు వేసుకున్నాడన్నమాట."

తొందరపడలేదు కొంగమ్మ. ఎప్పటి ఎత్తుకే ఎక్కి, అప్పుడు జారింది. పొదల పక్కనున్న ఊబి మీదికి రాగానే మెడ వంచి పట్టీ విదిలించింది. పెట్టె ఏడుస్తూ పడింది.

ఆకులడ్డమై నక్కకు ఆకాశం కనబడలేదు, ఏడుపు మాత్రం వినబడింది. "దిగిందిరా వదిన!" అని ఆ చప్పుడు మీదికి ఒక్క దూకు దూకింది. నడుము దాకా బురదలో దిగబడింది.

"వదినా! లాగు తల్లీ, చచ్చిపోతున్నా!"

"నన్నడుగుతావేం మరిదీ? ఒడ్డు ఎంత దూరమో ఆ పెట్టెనే అడుగు" అంటూ కొంగమ్మ పిల్లల దగ్గరికి జారిపోయింది.

అందుకే, పరాయి రెక్కలకు కట్టిన లెక్క నమ్మి మన రెక్కలు ముడుచుకోకూడదు.