వెచ్చటి డబ్బా

మేకలు కాసే ఎర్నమ్మ కూతురికి హాస్టల్లో సీటొచ్చింది. సాయంత్రంలోగా ఆదాయ ధ్రువపత్రం ఇవ్వకపోతే ఆ సీటు పోతుంది. మండలాఫీసులో అధికారి నల్లగా ఉన్న తెర చూపించి, "పొద్దుట్నుంచీ కంప్యూటర్ ఆన్ కావట్లేదు, రేపు రా" అన్నాడు.

ఎర్నమ్మ బల్ల కిందున్న కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెట్టి చూసింది.

"చచ్చిన మేక ఒళ్ళు చల్లబడిపోద్ది బాబూ. ఇది వెచ్చగా ఉంది. దీనికి ప్రాణముంది, తెర ఒక్కటే కళ్ళు మూసుకుంది. మూసిందెవరో తమరికే తెలియాలి."

వరసలో ఉన్నవాళ్ళంతా బల్ల చుట్టూ మూగారు. అధికారి చేసేదిలేక తెర స్విచ్చి నొక్కాడు. సగంలో ఆగిన పేకాట కనిపించింది.

పత్రం చేతబట్టుకుని ఎర్నమ్మ తలెత్తుకుని బయటికి నడుస్తుంటే, వరసలోని ముసలాయన పక్కవాళ్ళతో అన్నాడు.

"ఆవిడది మా ఊరేనండి."