భ్రమరాంబకి వచ్చిన సెగలు

రేపల్లెలో స్టేషను వెనక వీధిలో భ్రమరాంబ అనే ఇల్లాలు ఉండేది. ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా పరుగెత్తుకెళ్ళే ఆవిడకి, తన ఒంట్లో బాగా లేదని చెప్పుకోవడమంటే మాత్రం మహా నామోషీగా ఉండేది.

భర్త పానకాలరావు పుస్తకాల షాపు నడిపేవాడు. మంచివాడే. కాకపోతే భార్యని ఎవరేమడిగినా జవాబు తనే చెప్పేవాడు. "మా ఆవిడ కాఫీ తాగదు లెండి," అనేవాడు. "మా ఆవిడకి నీలం రంగు పడదండీ," అనేవాడు. ఆవిడకి కాఫీ ఇష్టమే. నీలం రంగూ ఇష్టమే.

ప్రతి శుక్రవారం భ్రమరాంబ ఆడపడుచు శేషారత్నం ఇంట్లో పారాయణం జరిగేది. పాతికమంది ఆడవాళ్ళు వచ్చేవారు. ముందు కూర్చుని అమ్మవారి వెయ్యి నామాలూ పుస్తకం చూడకుండా చెప్పేది భ్రమరాంబే. పెళ్ళయిన కొత్తలో అత్తగారి పక్కన కూర్చుని నేర్చుకుంది. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క నామం తప్పలేదు.

నలభై ఆరో ఏడు వచ్చింది. ముందు నిద్ర కరువైంది. తరవాత కీళ్ళు పట్టేశాయి. నెలసరి ఒక నెలలో రెండుసార్లు వచ్చేది, ఆపైన రెండు నెలలు జాడే ఉండేది కాదు. వచ్చినప్పుడు మాత్రం పది రోజులు వరదే. ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి మెడమీదుగా ముఖానికి పాకేది. నిలువెల్లా చెమట పట్టేది. రెండు నిమిషాల్లో చలి వేసేది. ఉప్పు డబ్బా చేతిలో పట్టుకుని ఉప్పు డబ్బా కోసం వెతికేది. నామాల మధ్యలో ఆగిపోయి, పక్కవాళ్ళు అందిస్తే అందుకునేది. చిన్నమాటకే కళ్ళనీళ్ళు వచ్చేవి.

"ఈమధ్య నీకు చిరాకెక్కువైందే," అన్నాడు పానకాలరావు. ఊళ్ళో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఏమిటి బాధ?" అని అడిగాడు డాక్టరు. పానకాలరావుకేసి చూసి అడిగాడు.

"నీరసం అంటుందండీ. నిద్ర పట్టదట. చీటికీ మాటికీ ఏడుపు," అన్నాడు పానకాలరావు.

"వయసు?"

"నలభై ఆరండీ."

"ఈ వయసులో ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే. ఏదో ఒక ధ్యాసలో పడెయ్యండి. గుడికీ అదీ వెళ్తుంటే మనసు కుదురుగా ఉంటుంది."

రక్తం ఎక్కువగా పోతోందని చెబుదామని భ్రమరాంబ నోరు తెరిచింది. డాక్టరు అప్పటికే బలం మాత్రలు రాసేసి, తరవాతివాళ్ళని రమ్మని గంట కొట్టాడు. కనురెప్ప లాగి చూడలేదు. నెలసరి గురించి ఒక్క మాట అడగలేదు. పాలు తగ్గిన గేదెని చూడ్డానికి వచ్చే పశువుల డాక్టరు కూడా అంతకంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తాడు!

శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారం శేషారత్నం హాలు కిటకిటలాడిపోయింది. హారతి వేళ దీపం కొండెక్కకూడదని ఫ్యాను ఆపేశారు. సరిగ్గా అప్పుడే భ్రమరాంబకి సెగ లేచింది. ముఖం జేవురించింది. చెమటకి కుంకుమ కరిగి ముక్కుమీదకి జారింది. గొంతు వణికింది. కళ్ళు మూతలుపడి, కూర్చున్న చోటే అటూ ఇటూ ఊగింది.

"అమ్మవారే! అమ్మవారు పూనిందే!" అని శేషారత్నం కేక పెట్టింది.

ఇంకేముంది! హారతి పళ్ళెం ముఖం దగ్గరికి వచ్చింది. వేపమండలు వచ్చాయి. మెడలో దండలమీద దండలు పడ్డాయి.

"తల్లీ, మా పిల్లకి సంబంధం కుదురుతుందా?"

"మా ఆయన బదిలీ ఆగుతుందా తల్లీ?"

"ఫ్యాను... ఆ ఫ్యాను వెయ్యండే," అంది భ్రమరాంబ, ఊపిరాడక.

"తల్లి గాలి అడుగుతోంది! వింజామర తెండి, వింజామర!" అంది శేషారత్నం.

వింజామర వచ్చింది. ఫ్యాను మాత్రం ఒక్కరూ వెయ్యలేదు.

మర్నాడు భ్రమరాంబ ఆడపడుచుని పక్కకి పిలిచింది. "వదినా, అది అమ్మవారు కాదు. బెండకాయలు తరుగుతున్నా వస్తుంది. బట్టలు ఆరేస్తున్నా వస్తుంది."

"అంటే వంటింట్లో కూడా నిన్ను వదలడం లేదన్నమాట! ఎంత పుణ్యం చేసుకున్నావే భ్రమరా!"

"నాకు భయంగా ఉంది వదినా. రక్తం బాగా పోతోంది."

"హవ్వ! అమ్మవారి సంగతి మాట్లాడుతూ ఆ మాటలేమిటి? లెంపలేసుకో ముందు!"

భ్రమరాంబ లెంపలేసుకుంది.

ఇందులో ఆవిడ తప్పూ కొంత ఉంది, దాచడం దేనికి? ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఒంట్లో ఎలా ఉందని అడగనివాళ్ళు ఇప్పుడు కాళ్ళు కళ్ళకద్దుకుంటున్నారు. షాపులో పానకాలరావుకి మర్యాద పెరిగింది. "అమ్మగారి దర్శనం ఎప్పుడండీ?" అని అడిగేవారు. "శుక్రవారం సాయంత్రం రండి," అని ఆయనే చెప్పేవాడు. నిజమేనేమో, అమ్మవారే తనని ఎంచుకుందేమో అని భ్రమరాంబ కూడా ఒక్కోసారి అనుకునేది. అలా అనుకుంటే ఆ బాధకి ఏదో ఒక అర్థం ఉన్నట్టుండేది.

అయితే అమ్మవారు పూనే మనిషి శుక్రవారం నాడు బయట చేరితే ఎలా? దానికీ శేషారత్నమే ఉపాయం చూసింది. పండగలకీ పెళ్ళిళ్ళకీ నెలసరి వాయిదా వెయ్యడానికి ఆ ఇంటి ఆడవాళ్ళు మందుల షాపులో మాత్రలు తెప్పించుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఏ డాక్టరునీ అడిగింది లేదు. "శుక్రవారానికి అడ్డం రాకుండా రోజూ ఒకటి వేసుకో," అని శేషారత్నం పెట్టెడు తెచ్చిచ్చింది. భ్రమరాంబ వేసుకుంది. మానితే వరద, వేసుకుంటే చెలమలా కొద్దికొద్దిగా ఊరుతూనే ఉండేది. మెట్లెక్కితే గుండె దడదడలాడేది. గోళ్ళు తెల్లబడ్డాయి. "తేజస్సు!" అన్నారు, పాలిపోయిన ఆ ముఖం చూసి.

దసరా నవరాత్రుల్లో మూడో రోజు. హాలు నిండి వాకిట్లో కూడా జనం కూర్చున్నారు. నామాలు సగంలో ఉండగా భ్రమరాంబ కళ్ళముందు చీకట్లు కమ్మాయి. లేవబోయి అక్కడే కూలిపోయింది. పట్టుచీర వెనకంతా రక్తం.

ఎవరో చూశారు. "అయ్యో, బయట చేరిందే!" అన్నారు.

"అపచారం! అపచారం! పీట జరపండి! ముట్టుకోకండి!" అంది శేషారత్నం.

ఘడియ క్రితం ఆవిడ పాదాలు పట్టుకున్న చేతులవి. ఎన్నో జతల చేతులు! ఒక్కటీ ముందుకి రాలేదు. పీటని జరిపారు, పటాన్ని జరిపారు, ప్రసాదం గిన్నెలు జరిపారు. మనిషిని వదిలేశారు. అమ్మవారిని నమ్మేవాళ్ళకే ఈ మాట చెప్పాలి, వాళ్ళకే కోపం రావాలి. లోకాన్నంతా కన్న తల్లి అని రోజూ వెయ్యిసార్లు పిలిచేది ఎవరిని? కన్నతల్లికి రక్తమంటే తెలియదా? ఆవిడ పేరు చెప్పి ఒక ఆడదాన్ని రక్తంలో పడేసి దూరం జరగమని ఏ నామంలో ఉంది?

గుమ్మం బయట పూలబుట్టతో ఏసురత్నం నిలబడి ఉంది. రోజూ దండలు తెచ్చేది ఆవిడే. బుట్ట కింద పెట్టి గబగబా లోపలికి వచ్చింది.

"చూస్తారేంటమ్మా, కాళ్ళు పట్టుకోండి! మనిషి పోయేట్టుంది!" అని అరిచింది. ఎవరూ కదలకపోతే తనొక్కతే చంకల్లో చేతులు వేసి వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, ఆటో ఎక్కించి, ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళింది. తన కూతురికి కాన్పు చేసిన డాక్టరమ్మ షహనాజ్ గారి దగ్గరికి తీసుకెళ్ళింది.

కబురు విని పానకాలరావు పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి సెలైను ఎక్కుతోంది. రక్తం ఎక్కించడానికి ఏర్పాటు చేస్తున్నారు. భ్రమరాంబ కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎప్పటినుంచమ్మా ఇలా?"

"ఆర్నెల్లనుంచండీ. నీరసం, నిద్ర పట్టదు..." అన్నాడు పానకాలరావు.

"మీకు నిద్ర పట్టడం లేదా?"

"అబ్బే, నాక్కాదండీ. మా ఆవిడకి. తనకి చెప్పుకోవడం రాదండీ."

"వస్తుంది. మీరు కాసేపు బయట కూర్చోండి," అంది డాక్టరమ్మ.

తలుపు మూసుకుంది. భ్రమరాంబ ముందు తడబడింది. తరవాత చెప్పడం మొదలుపెట్టింది. సెగలు, చలి, కీళ్ళు, మరపు, రక్తం, షాపు మాత్రలు, అమ్మవారు. చెప్పి చెప్పి ఏడ్చింది. డాక్టరమ్మ ఎక్కడా అడ్డు రాలేదు. నెలసరి తారీకులు అడిగింది. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు, కేన్సరు, రక్తం గడ్డకట్టడం లాంటివి ఉన్నాయా అని అడిగింది. బీపీ చూసింది. థైరాయిడ్ పరీక్షకి పంపింది. స్కానింగు తీసింది. గర్భసంచి లోపలి పొరనించి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. రక్తం ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదని తేలింది.

అన్ని ఫలితాలూ వచ్చాక చెప్పింది. "చెడ్డజబ్బేమీ లేదు. నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి ముందు కొన్నేళ్ళపాటు ఒంట్లో హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. పెరిమెనోపాజ్ అంటారు. మీ సెగలు, నిద్రలేమి, మరపు, ఏడుపు అన్నీ దాంట్లోవే. ఇంత రక్తం పోవడం మాత్రం ఊరుకునేది కాదు. దేనికి దానికి మందుంది."

"నాకు మతి పోవడం లేదాండీ?" అని అడిగింది భ్రమరాంబ. ఆవిడని లోపల కొరుకుతున్న భయం అది. నామాలన్నీ మరిచిపోయి, ఇంట్లో మనుషుల్నీ మరిచిపోయి మూల కూర్చుంటానేమో అని.

"లేదమ్మా. ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండీ. ఎవరూ అడగలేదు."

షాపు మాత్రలు ఆపించారు. రక్తస్రావం తగ్గడానికి ఒక మందు, సెగలకి ఆవిడ ఒంటికి సరిపడే హార్మోను మందు, ఐరను ఇచ్చారు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. మూడో నెలకి భ్రమరాంబకి కంటినిండా నిద్ర పట్టింది. అయిదో నెలకి నామాలు ఆగకుండా వచ్చాయి. పానకాలరావు మొదటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, "మీరు నన్నడిగారు. నేను తగుదునమ్మా అని చెప్పాను. ఇద్దరం కలిసి దాన్ని చంపేసేవాళ్ళమే," అని ముఖంమీదే అనేసి వచ్చాడు.

ఆ తరవాత ఒక శుక్రవారం శేషారత్నం భ్రమరాంబ ఇంటికి వచ్చింది. "అపచారం జరిగిపోయింది కదే. శాంతి చేయించి మళ్ళీ కూర్చుందువుగాని. అమ్మవారు మళ్ళీ వస్తుందేమో!"

భ్రమరాంబ ఎప్పుడూ గొంతు పెంచి ఎరగదు. అప్పుడూ పెంచలేదు.

"వదినా, అపచారం జరిగిన మాట నిజమే. రక్తం పోవడం కాదు అపచారం. బాధ అని చెబితే లెంపలేసుకోమన్నావు. పడిపోతే పీట జరిపావు. అమ్మవారిని అడ్డం పెట్టుకుని నన్ను చూడ్డం మానేశారు మీరంతా. నేనూ నోరు మూసుకున్నాను, అది నా తప్పు. శాంతి చేయించాలంటే ముందు ఏసురత్నాన్ని పిలిచి దణ్ణం పెట్టు."

శేషారత్నం కొంగుతో మెడ తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. మెల్లగా, తలుపు వైపు చూస్తూ అంది.

"నాక్కూడా వస్తున్నాయే, ఆ సెగలు. రెండేళ్ళయింది. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు."

భ్రమరాంబకి కోపం తగ్గలేదు. తగ్గకుండానే లేచి చెప్పులు వేసుకుంది.

"పద వదినా, డాక్టరమ్మ దగ్గరికి. లోపలికి నువ్వొక్కదానివే వెళ్ళు. నీ నోటితో నువ్వే చెప్పుకో."

ఒంటి బాధని మామూలే అని తోసెయ్యడమూ, మహిమ అని మొక్కడమూ రెండూ ఒకటే, రెండూ మనిషి మాట వినకపోవడమే. కాబట్టి బాధని నోరు విప్పి చెప్పుకోవాలి, చెప్పినదాన్ని పూర్తిగా వినే డాక్టరు చేత వైద్యం చేయించుకోవాలి.