వాగులమ్మ పిల్లల విసనకర్రలు

నడి సముద్రంలో నిప్పుకొండ పుట్టించిన ఓ చిన్న దీవి. దాని మీద తడికోన అనే అడవి. అక్కడ పీతలున్నాయి, నత్తలున్నాయి, పిట్టలున్నాయి. నువ్వుగింజంత నల్ల ఈగలూ ఉన్నాయి.

ఈ ఈగల తీరే వేరు! పారే నీటిలో రాళ్ల మీద గుడ్లు పెడతాయి. పిల్లలు పట్టుదారంతో రాయిని అంటుకుని, మూతి దగ్గరి వెంట్రుకల విసనకర్రలు విప్పి, కొట్టుకొచ్చే తిండిని జల్లెడ పట్టినట్టు పట్టుకుంటాయి. నీరు పారితేనే తిండి, పారితేనే ఊపిరి.

వాగులమ్మ అనే ఈగది కింద ఏటిలో కాపురం. దాని పిల్లల విసనకర్రలు ఎంతెంత పెద్దవో! దాని పినతల్లి కూతురు తుంపరమ్మ పైన జలపాతం దగ్గర ఉండేది. అక్కడ బండ మీద నీరు పల్చగా జారుతుంది. అందుకే దాని పిల్లలకు విసనకర్రలు లేవు. నాచు గీక్కుని తింటాయి.

"ఏమే తుంపరా, అవీ ఒక మూతులేనా? మీరు మా వంశమంటే నలుగురూ నవ్విపోతారే!" అంది వాగులమ్మ.

"ఏం చెయ్యనక్కా, మా బండ మీద అన్ని నీళ్లేవీ?" అని తుంపరమ్మ నవ్వేసింది.

ముసలి పీత కలగజేసుకుంది. "గాలికి కొట్టుకొచ్చి ఇక్కడ వాలిన ఒక్క ఈగమ్మ సంతానమే మీరంతా. ఉన్న చోటుకు తగ్గట్టు మారారు, అంతే."

"ఊరుకో తాతా! అడ్డంగా నడవడం తప్ప నీకేం తెలుసు?" అని కసిరింది వాగులమ్మ.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఏరు పారడం మానేసి మడుగులైంది. వాగులమ్మకు గుడ్లు పెట్టే వేళ వచ్చింది.

"పైకి పోవే, అక్కడింకా నీరు జారుతోంది" అంది పీత.

"వాళ్ల గడప నేను తొక్కుతానా? ఇది మా తాతల మడుగు!" అంటూ వాగులమ్మ అక్కడే గుడ్లు పెట్టేసింది.

పిల్లలు పుట్టాయి. విసనకర్రలు విప్పాయి. కదలని నీటిలో ఏమొస్తుంది? ఒక్కొక్కటే దారం వదిలేసి అడుక్కి జారిపోయాయి. వాగులమ్మ గట్టున కూర్చుని అంతా చూసింది.

కడుపులో ఇంకొక్క కాన్పు మిగిలింది. వాగులమ్మ మెల్లగా పైకి, తుంపరమ్మ దగ్గరికి ఎగిరింది.

"తుంపరా..." అంది.

"తెలుసులే అక్కా. ఆ బండ పగులు చూడు, నీరు ఎలా దూకుతోందో! మా పిల్లలు అక్కడ దిగితే తిండి దొరకదు. మీ వాళ్ల విసనకర్రలకైతే సరిగ్గా సరిపోతుంది."

ఈసారి పిల్లలు బతికాయి. పగులులో అవీ, పక్కన బండ మీద తుంపరమ్మ పిల్లలూ.

ఓ రోజు పీత అంత దూరం ఎక్కొచ్చి, కొంటెగా అడిగింది. "ఆ బోసిమూతుల వాళ్లు ఎవరే?"

"మా పిల్లలే తాతా" అంది వాగులమ్మ.

నీతి: వంశం చూసుకుని మిడిసిపడేవారు నష్టపోతారు, తమకు తగిన చోటు తెలుసుకుని, అయినవారిని కలుపుకుపోయేవారే నిలుస్తారు.