వడ్డన ఆగిన చోటు

నేను చదువు ఎవరి దగ్గరా నేర్చుకోలేదని అందరికీ చెబుతుంటాను. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, గురుభక్తి. నా రాతలో తప్పులు చూసినవాళ్ళు నేర్పిందెవరని ఆరా తీస్తే ప్రమీల టీచర్ పేరు బయటపడుతుంది. ఆ మచ్చ ఆవిడకు అంటకూడదని, అంతా నా స్వయంకృషేనని నెత్తిన వేసుకుని తిరుగుతున్నాను. అప్పుడప్పుడు పొగడ్తలు వచ్చినా అవీ ఆ నెత్తి మీదే పడుతున్నాయి గానీ, అది నా చేతిలో లేని సంగతి.

నేను దర్జీని. మా కొట్టు ప్రాథమిక పాఠశాలకు ఎదురుగా ఉంటుంది. ఒకటో తరగతి పిల్లలు గొంతెత్తి చదువుతుంటే, మిషను తొక్కుతూ వింటూ, నలభై దాటాక అక్షరాలు పట్టుకున్నాను. కొన్నిటిని తలకిందులుగా పట్టుకున్నాను. వాటిని తిప్పి నిలబెట్టింది ప్రమీల టీచర్. ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్న. గురువు శిష్యుణ్ణి "సాయన్నా" అని పిలవడం, శిష్యుడు గురువును "టీచరమ్మా" అనడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. బడి వదిలాక ఆవిడ వరండాలో కూర్చుని, పిల్లలు విసిరేసిన సుద్దముక్కలు ఏరి డబ్బాలో వేస్తుంటుంది. ఆ వేళ నాది. ఏదైనా అడిగితే ఆవిడ వాదించదు, విడమరిచి చెప్పదు. ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటుంది. అర్థమైందా అని మాత్రం అడగదు. అడిగితే నేను అయిందనే అంటానని ఆవిడకు తెలుసు.

ఈమధ్య మా వాడకట్టు వాళ్ళు, సాయంత్రాలు చిన్నపిల్లలకు నాలుగక్షరాలు చెప్పమని నన్ను అడిగారు. ఆలోచించుకుంటానన్నాను గానీ, లోపల అప్పటికే పంతులునైపోయాను. ఇంక గురువు ముద్ర ఒక్కటే తక్కువ. బడికి వెళ్ళి కూర్చుని, పిల్లలకు చదువు చెప్పడమే మన పని అని మనకెలా తెలుస్తుంది టీచరమ్మా, అని అడిగాను. మాటవరసకు ఆవిడ గురించి అడిగినట్టే అడిగాను. కానీ "నిన్ను చూస్తేనే తెలుస్తున్నది సాయన్నా" అన్న మాట కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఆవిడ ఆ మాట అనలేదు. సుద్దముక్కల డబ్బా పక్కన పెట్టి, తన తొలి కొలువు సంగతి ఎత్తుకుంది.

అప్పుడు ఆవిడకు ఇరవై రెండేళ్ళు. పోలీసు ఉద్యోగానికి పరీక్ష రాసి, ఫలితం తేలేదాకా ఊరికే ఉండటమెందుకని ఒక పల్లె బడిలో విద్యా వాలంటీరుగా చేరింది. తెల్లారకముందే ఊరి బాట మీద పరుగు సాధన చేసి, ఆ అలుపుతోనే బడికి వచ్చేది. పిల్లల మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. బస్టాండులో పక్కన కూర్చున్నవాళ్ళతో మనం ఎట్లా ఉంటామో అట్లా ఉండేదట. తన బస్సు వేరే ఉందని ఆవిడ నమ్మకం.

ఆ బడిలో మధ్యాహ్నం అన్నం వండేది కనకవ్వ. ఆమెకు రజిత ఒక్కతే బిడ్డ, ఆ బడిలోనే రెండో తరగతి. పిల్లలు ఇంటినుంచి తెచ్చుకున్న పళ్ళేలు ముందు పెట్టుకుని వరండాలో బంతిగా కూర్చునేవారు. ఎవరి చోటు వాళ్ళది. బంతి చివరిదాకా వడ్డన అయితే గానీ ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఆ నియమం సార్లు పెట్టింది కాదు, పిల్లలే పెట్టుకున్నారు. అందుకే దాన్ని ఎవరూ తప్పేవారు కాదు.

వానలు పట్టిన నెలలో రజితకు జ్వరం వచ్చింది. పట్నం ఆస్పత్రికి తీసుకుపోయారు. తీసుకుపోయిన బండిలోనే తిరిగి తెచ్చారు. ఈ ముక్క దగ్గర టీచరమ్మ ఇంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు.

దినాలయ్యాక కనకవ్వ మళ్ళీ వంటకు వచ్చింది. ఇంట్లో ఒక్కదానికి పొయ్యి ముట్టియ్యబుద్ధి కావడం లేదని, ఇక్కడైతే నలుగురు పిల్లలు తింటారని పెద్దసారుతో అన్నదట. పోలీసు కొలువు ఖాయమైందని ప్రమీలకు కబురు అందింది కూడా ఆ వారంలోనే. సోమవారం పోయి చేరాలి. ఆ మాట పెద్దసారుకు చెప్పి వెళ్ళిపోదామని, భుజాన సంచీతో ఆవిడ ఆ మధ్యాహ్నం వరండా గుమ్మంలో నిలబడి ఉంది.

కనకవ్వ అన్నం గంప నడుముకు పెట్టుకుని ఒక్కొక్క పళ్ళెంలో వడ్డిస్తూ వస్తున్నది. పిల్లలెవరూ తలెత్తి ఆమెను చూడటం లేదు. బంతి మధ్యలో ఒక చోట ఖాళీ ఉంది. అక్కడికి వచ్చి ఆమె ఆగిపోయింది. అవతల పిల్లలున్నారు, పళ్ళేలున్నాయి. ఆ ఖాళీ దాటి అడుగు వెయ్యడం మాత్రం ఆమెకు చేతకాలేదు. వడ్డించిన పళ్ళేల్లో అన్నం చల్లారిపోతున్నది. బంతి పూర్తి కాలేదు కనుక ఎవరూ ముట్టలేదు.

పెద్దసారు మంచివాడు. ఆ తల్లి బాధ తగ్గిద్దామనే, పిల్లల్ని దగ్గరగా జరిగి కూర్చోమన్నాడు. అటువైపు నలుగురు పళ్ళేలు పట్టుకుని కొంచెం కదిలారు. ఇటువైపు రజిత పక్కన ఎప్పుడూ కూర్చునే నవనీత కదల్లేదు. ఖాళీలో తన అరచెయ్యి ఆనించి, "ఇది రజిత జాగ సార్" అన్నది. ఎదురు చెప్పినట్టు కాదు, సారు మరిచిపోయాడేమోనని గుర్తు చేసినట్టు. కదిలినవాళ్ళు మళ్ళీ వెనక్కి జరిగారు. అప్పుడు పిల్లలందరూ తలలు తిప్పి, గుమ్మంలో ఉన్న ప్రమీల వైపు చూశారు.

"నా వైపు ఎందుకు చూసిన్రో ఇప్పటికీ తెల్వదు సాయన్నా. నాకు తెలిసిన మాట ఒక్కటి లేదు" అన్నది టీచరమ్మ.

ఆవిడ సంచీ కింద పెట్టి, వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. పళ్ళెం లేదు. టిఫిను డబ్బా మూత తీసి ముందు పెట్టుకుంది. కనకవ్వ చాలాసేపు ఆ మూతను చూసి, వంగి అన్నం పెట్టింది. అవతలి పళ్ళేల్లోనూ పెట్టింది. తిరిగి వచ్చి కూర బకెట్టు అందుకుంది. ఆ రోజు వంకాయ కూర. ప్రమీల మూతలో కూర పడగానే నవనీత, ఏమీ ఆలోచించకుండా, చెయ్యి చాపి అందులోని వంకాయ ముక్కలు ఏరి తన పళ్ళెంలో వేసుకోసాగింది. ఇదేమిటే అని అడిగింది ప్రమీల.

"రజిత వంకాయ తినదు టీచర్. నాకే ఏస్తది."

గరిటె పట్టుకున్న కనకవ్వ అక్కడే నిలబడిపోయింది. "ఇంట్ల తింటది గదనే" అన్నది, చాలా మెల్లగా.

"నువ్వు వండినవని తింటది. నీకు చెప్పద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నది" అన్నది నవనీత. అన్నాక గాని దానికి తను ఏం చేసిందో తెలియలేదు. ముఖం పాలిపోయింది. వంకాయ ముక్క చేతిలోనే ఉంచుకుని ప్రమీల వైపు తిరిగి, "ఒట్టు తప్పితే ఏమైతది టీచర్?" అని అడిగింది.

ఒట్టు తప్పితే ఏమవుతుందని పిల్లలు అనుకుంటారో అందరికీ తెలుసు. అది అప్పటికే అయిపోయింది. కూర బకెట్టు పక్కన పెట్టి కనకవ్వే ఆ పిల్ల ముందు కూలబడింది.

"ఏం గాదు బిడ్డా. తల్లికే చెప్పినవు గదా" అని, "ఇంక ఏమేం చెప్పద్దన్నది?" అని అడిగింది.

తరువాత ఆ బంతిలో చాలాసేపు ఎవరూ అన్నం తినలేదు. తలా ఒక మాట చెప్పారు. పప్పు నీళ్ళగా ఉందని ఎవరైనా అంటే రజిత కొట్టేదట. ఒకడు చొక్కా చెయ్యి పైకి లాగి, అలా అన్నందుకు తనను కొరికిందని చోటు చూపించాడు. గాటు ఎప్పుడో మానిపోయింది, అయినా కనకవ్వ వేలితో తడిమి చూసింది. ఉరుము వినిపిస్తే నవనీత వీపు వెనక దూరేదట. రెండో పాఠం చదవడం రాక, కంఠతా పట్టి చదివినట్టు నటించేదట. కనకవ్వ ఒక్కొక్కదానికి నవ్వుతున్నది, నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంటున్నది, మళ్ళీ కొంగు తీసి ఇంకా అని అడుగుతున్నది. పెద్దసారు వరండా చివర గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పిల్లలకు తెలిసినవన్నీ అయిపోయాయి. ఏడేళ్ళ పిల్ల గురించి ఎంత ఉంటుంది. అప్పుడు కనకవ్వ లేచి, కూర పడని పళ్ళేలకు కూర వేసింది. అందరూ తిన్నారు.

వంకాయ ఇక వండొద్దని పెద్దసారు చెబితే, నవనీతకు ఇష్టం కదా అని కనకవ్వ ఒప్పుకోలేదట. ప్రమీల సోమవారం పోలీసు కొలువులో చేరలేదు. ఆ ఏడాదంతా మధ్యాహ్నం ఆ చోట్లోనే కూర్చుని తిన్నది. మరుసటి ఏడు కొత్త పిల్లలు వచ్చారు, బంతి మారింది, ఆ చోట్లో ఎవరో కూర్చున్నారు. ఎవరని నేను అడిగాను. యాదికి లేదన్నది టీచరమ్మ. పక్కన పెట్టిన సుద్దముక్కల డబ్బా మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

చీకటి పడుతున్నది. నాకు కావలసిన మాట ఇంకా రాలేదు కనుక, సిగ్గు విడిచి మళ్ళీ అడిగాను. అంటే ఆ పూటే, ఇది నా పని అని నీకు తెలిసిందన్నమాట, అన్నాను.

"తెలుసుడేం లేదు సాయన్నా" అన్నది ఆవిడ. "తినుడైనంక లేవబుద్ధి కాలేదు. అంతే."

నేను మాత్రం వెంటనే లేచి, చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేశాను. ఎక్కడ కూర్చుండిపోవాలో నాకింకా తెలియలేదు.