చచ్చినవాళ్ల బల్ల

దాలయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడి మొహం ఒకసారి పరకాయించి చూసి, "ఉంచుకో" అనేవాడు. ఇక ఆ ప్రశ్నను మోసుకు తిరగవలసినవాడు అడిగినవాడే. చాలామంది రెండు రోజులు మోసి ఎక్కడో జారవిడిచేవారు. జారవిడవలేనివాడికి మాత్రం జవాబు ఎప్పుడో, ఏ పక్కనుంచో వచ్చి తగిలేది. తగిలినప్పుడు మాస్టారు దగ్గరలోనే ఉండేవాడు.

ఆయన కబడ్డీ మాస్టారు. ఏటా నాలుగు నెలలు ఊరూరా తిరిగి ఆడే లీగులో వంశధార అనే జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు కెప్టెను తవిటినాయుడు. పలాస దగ్గరి పల్లెలో పుట్టినవాడు, ముప్పై రెండేళ్లవాడు, కూతకు వెళ్లడంలో అతనిదే పేరు. లీగులో పదకొండేళ్లుగా ఆడుతున్నాడు. ఒక్క ఫైనలూ ఆడలేదు. పోయినేడు సెమీఫైనల్లో అతను ఔటై బయట కూర్చున్నాక, ఆరు నిమిషాలపాటు జట్టులో ఎవరూ ఒక్క పాయింటు తేలేదు. పాయింటు వస్తే గాని బయటివాడు లోపలికి రాకూడదు. కూర్చున్నచోటే కూర్చుని అతను ఓటమి చూశాడు. ఆ వేసవిలో డాక్టరు అతని కుడి మోకాలు నొక్కి చూసి, ఇంకొక్క సీజను ఆడుకో, ఆపైన నన్ను అడగకు, అన్నాడు.

అందుచేత జూన్ నెలలో, ఆటలు లేని కాలంలో, భీమిలి ఇసకలో జట్టంతా పరుగులు తీస్తున్నప్పుడు తవిటినాయుడు మాస్టారి ముందుకొచ్చి నిలబడ్డాడు. నిలబడ్డాడన్న మాటే గాని కాళ్లు ఒకచోట నిలవలేదు.

"మాస్టారూ, ఒక్కటడుగుతాను. దీనికి మాత్రం ఉంచుకో అనకండి. సచ్చి బయట కూకున్నోడు ఆటలో ఉన్నట్టా, కాదా?"

ఔటైనవాణ్ణి చచ్చాడనీ, తిరిగి లోపలికొచ్చినవాణ్ణి లేచాడనీ అనడం ఆ వైపు వాడుక. దాలయ్య అరికాలికి అంటిన ఇసక దులుపుకున్నాడు.

"ఉంచుకో," అన్నాడు.

"పోయినేటి నుంచీ ఉంచుకునే ఉన్నాను. కడుపులో కుంపటెట్టినట్టుంది."

"అయితే ఇంకొంచెం కాలనీ."

మర్నాడు పొద్దున్నే ఇద్దరు ఆటగాళ్లు ఒక పాత పడవ పలక మోసుకొచ్చి కోర్టు పక్కన వేశారు. మాస్టారు చెప్పి తెప్పించినదే. ఉప్పు తిని తెల్లబడిన పొడుగాటి బల్ల. ఆయన దాని మీద కర్రతో తట్టి చెప్పాడు: "సచ్చినోళ్లందరూ దీనిమీద కూకోవాలి. ముందు సచ్చినోడు ముందు. ఎనకాలోడు ముందోడి ఈపు మీద సెయ్యెయ్యాలి. పాయింటొస్తే ముందోడే లేస్తాడు. కూకున్నంతసేపూ నోరు మెదపకూడదు." ఆయన చిన్నప్పుడు కళ్లాల్లో ఇరవైమంది కలిసి ఆడుకునేటప్పుడు, ఎవరు ముందు చచ్చారన్న తగువు రాకుండా ఇలాగే వీపు మీద చెయ్యి వేసుకు కూర్చునేవారట. ఇప్పుడు ఈ జట్టుకు ఎందుకని మాత్రం మాస్టారు ఎవరికీ విప్పి చెప్పలేదు.

బుచ్చిరాములు ముందుగా వెళ్లి బల్లకు అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చున్నాడు. నల్గొండవాడు, మూలన నిలబడి వచ్చినవాడి కాలు పట్టేవాడు. పట్టాడంటే పాత బావిలో పడ్డ బిందెను పాతాళభేది పట్టినట్టే.

"సార్, ఈ పడవ యాడికి వోతది? టికెట్ దీస్కోవాల్నా?" అన్నాడు. జట్టంతా నవ్వింది. దాలయ్య కూడా నవ్వాడు గాని బల్ల తీయించలేదు.

తవిటినాయుడికి ఆ బల్ల మీద కూర్చోవడం చేతకాలేదు. ఒక కాలు మడిచి, ఒక కాలు ఇసకలో ఆనించి, సగం లేచినట్టు కూర్చునేవాడు. ముందున్నవాడి వీపు మీద చెయ్యి వెయ్యమంటే రెండు వేళ్లు తగిలించి తీసేసేవాడు. అతని వీపు మీద చెయ్యి వేసినవాళ్లకు అది కాగే నీళ్ల మీది మూతలా ఉండేది.

"నీ కింద చీమలపుట్ట గిట్ల ఉన్నదా ఏందన్నా?" అన్నాడు ఒకనాడు బుచ్చిరాములు.

"నువ్వు పట్టేవోడివి, నీకు ఓపికుంటాది. నేను కూతకెల్లేవోణ్ని. నేను కూకుంటే జట్టు కూకున్నట్టే."

"అట్లనా? మరి మేమంతా లోపల ఏం జేస్తున్నమన్నా, అరుగు మీద ముచ్చట వెడ్తున్నమా?"

సగం లేచినట్టున్న తవిటినాయుడు ఇంకాస్త లేచాడు.

సీజను మొదలైంది. అక్కడ పడవ పలకకు బదులు బెంచీ, నియమాలు మాత్రం అవే. మొదటి ఆరు మ్యాచీల్లో అయిదు గెలిచారు. కెప్టెను ఔటయ్యిందే తక్కువ, కాబట్టి అతని కూర్చోవడం ఎవరి కంటా పడలేదు. పుణె వెళ్లేసరికి ఎదుటి జట్లు అతని అడుగు కనిపెట్టాయి. రెండు కూతలకోసారి పట్టేస్తున్నారు. ఔటై బెంచీ మీద కూర్చున్నప్పుడు అతని స్థితి చూడవలసిందే. లోపల ఫరీద్ కూతకు వెళితే, బయట ఇతను కూడా పెదవుల కింద కబడ్డీ కబడ్డీ అని కూత పెట్టేవాడు. ఫరీద్ ఆదోని కుర్రవాడు, జట్టులో రెండో కూతగాడు. అతను పక్కకి తప్పుకుంటే ఇతను బెంచీ మీద పక్కకి ఒరిగేవాడు. అతను గెంతితే ఇతని మడమలు లేచేవి. చివరికి తన వంతు వచ్చి లేచేసరికి ఇతని ఊపిరి సగం ఖర్చయి ఉండేది. వెళ్లీ వెళ్లగానే మళ్లీ పట్టుబడేవాడు. తన ఊపిరి ఎటు పోతున్నదో అతనికి అంతుపట్టలేదు. వయసు మీద పడిందనుకున్నాడు, మోకాలనుకున్నాడు, హోటలు తిండి అనుకున్నాడు. జైపూరులో ఒకసారి దాలయ్య వెనకనుంచి వంగి, "ఆడి కూత ఆణ్ణి పెట్టనీరా," అని వెళ్లిపోయాడు. ఆ మాటకు తవిటినాయుడికి ఒళ్లు మండింది. జవాబు చెప్పమంటే చెప్పడు గాని ఎత్తిపొడవమంటే ముందుంటాడు, అనుకున్నాడు.

వరసగా అయిదు ఓడారు. ఆపైన ఒకటి గెలిచి ఒకటి ఓడి, ఆఖరి లీగు మ్యాచీలో చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు నాలుగో స్థానం దక్కించుకున్నారు. అలా వంశధార మళ్లీ సెమీఫైనలుకు వచ్చింది. హైదరాబాదులో, కావేరి జట్టు మీద.

ఆ సాయంత్రం ఆట మొదటినుంచీ తాడు లాగినట్టే సాగింది. ఆఖరు నాలుగు నిమిషాలున్నాయనగా వంశధార ముప్పై ఒకటి, కావేరి ముప్పై. అప్పటికే బుచ్చిరాములు ఔటై బెంచీ మీద మొదట కూర్చుని ఉన్నాడు. కావేరికి ఆ ముప్పయ్యో పాయింటు ఇచ్చింది తవిటినాయుడే, కూతకు వెళ్లి పట్టుబడి వచ్చి అతని వెనక కూర్చున్నాడు. చెయ్యి వెయ్యలేదు. పోయినేటి ఆరు నిమిషాలు అతని కళ్ల ముందు గిర్రున తిరుగుతున్నాయి.

ఫరీద్ కూతకు వెళ్లాడు. ఎడమ మూలవాడి భుజం తాకి, గీత మీద పడ్డాడు. పాయింటు! స్టేడియం హోరెత్తింది. తవిటినాయుడు లేచాడు, పరిగెత్తాడు, లోపలికి దూకి తొడ చరిచాడు.

రెఫరీ ఈల వేశాడు.

లేవవలసినవాడు బుచ్చిరాములు. వరస తప్పి లోపలికొచ్చినందుకు రెఫరీ కావేరికి ఒక పాయింటు ఇచ్చి, తవిటినాయుడికి బెంచీ చూపించాడు. ముప్పై రెండు, ముప్పై ఒకటి. పదకొండేళ్లు ఆడినవాడు చెయ్యవలసిన తప్పు కాదది. అతను తల దించుకుని వెనక్కి నడుస్తూ, మాస్టారు తిడతాడేమోనని చూశాడు. తిట్టినా బాగుండేది. దాలయ్య కోర్టు వైపు చూస్తున్నాడు.

లోపలికి వెళుతున్న బుచ్చిరాములు అతని పక్కన ఒక్క క్షణం ఆగాడు. "కూసో అన్నా. నేను జల్ది లేపుతా నిన్ను."

మరుసటి కూతలోనే కావేరివాడు ఫరీదును తాకి పోయాడు. సమానం. ముప్పై రెండు, ముప్పై రెండు. ఫరీద్ వచ్చి తవిటినాయుడి వెనకగా కూర్చుని, నేర్పిన ప్రకారం అతని వీపు మీద అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి వణుకుతున్నది. కాసేపటికి, వణుకుతున్నది తన వీపేనేమోనని తవిటినాయుడికి అనుమానం వచ్చింది.

"నువ్వు కదలాకన్నా," అన్నాడు ఫరీద్ మెల్లగా, మాట్లాడకూడదన్న నియమం మరిచిపోయి. "నువ్వు కదిల్తే నాకు గుండె దడ పుడతాది."

ఏడాదంతా తన వీపు మీద చెయ్యి వేసినవాళ్లందరూ ఒక్కొక్కరే అతనికి గుర్తొచ్చారు. వాళ్లు తన వీపు నుంచి ఏం తీసుకుని లోపలికి వెళ్లారో ఇప్పుడు తెలిసింది. అతను రెండు పాదాలూ నేలకు ఆనించాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టాడు. లోపల జట్టువాడొకడు కూతకు వెళ్లి, ఎవరినీ తాకకుండా తిరిగొచ్చాడు. తవిటినాయుడి పెదవులు కదలలేదు. ఊపిరి ముక్కులోంచి వచ్చి ముక్కులోకి పోయింది. అది మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. వీపు మీది చెయ్యి కూడా క్రమంగా నిలిచింది.

కావేరివాడు కూతకు వచ్చాడు. మూలన బుచ్చిరాములు నిద్రపోతున్నవాడిలా నిలబడి ఉన్నాడు. కావేరివాడు అతన్ని తాకబోయి కాలు చాచాడు. ఆ కాలు మళ్లీ వెనక్కి రాలేదు. మిగతావాళ్లు మీద పడ్డారు. ముప్పై మూడు, ముప్పై రెండు.

తవిటినాయుడి వంతు. లేచి నిలబడి రెఫరీ వైపు చూశాడు. రెఫరీ చెయ్యి ఎత్తి రమ్మన్నాకనే గీత దాటాడు. బుచ్చిరాములు ఒంటికి అంటిన చెమట తుడుచుకుంటూ, "లేపిన్నా లేదా?" అన్నాడు.

ఇరవై ఎనిమిది సెకండ్లు మిగిలాయి. కూత వంశధారది. కెప్టెను వెళ్లాలి. ఒక్క కూత ముప్పై సెకండ్లు పెట్టవచ్చు. మధ్యగీతకు అవతల గీసిన మొదటి గీత దాటి, ఎవరికీ చిక్కకుండా కాలం గడిపి వచ్చేస్తే చాలు, ఫైనలు. చిక్కితే సమానం, అక్కణ్ణుంచి ఏమవుతుందో ఎవరికి తెలుసు.

అతను వెళ్లాడు. గీత దాటాడు. నిలబడ్డాడు. కావేరి కుడి మూలవాడు తొడ చరిచి, ఒక కాలు మూరెడు ముందుకు చాపి, వేలు ఆడించి రమ్మన్నాడు. చెయ్యి చాపితే అందే కాలు. పదకొండేళ్లలో అలాంటి కాలును అతను వదిలిపెట్టింది లేదు. జనం "ముట్టుకో, ముట్టుకో" అని అరుస్తున్నారు. మోకాలు తనంతట తాను వంగబోయింది. తవిటినాయుడి నోట కూత ఒకే తీరున, బావిలో చేద దిగినట్టు దిగుతూనే ఉంది. అతను ఒక అడుగు అటు వేశాడు, ఒక అడుగు ఇటు వేశాడు. ఆ కాలు అక్కడే ఉంది. అతను దాన్ని అక్కడే ఉండనిచ్చాడు. వాళ్లకు ఓపిక తప్పి ఇద్దరు ఒక్కసారి మీదికి ఉరికారు. అప్పటికి అతను వెనక్కి తిరిగి, తొందర లేకుండా, మధ్యగీత మీద పాదం పెట్టాడు. గంట మోగింది.

జట్టు మీద పడి అతన్ని ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. ఆ కాళ్లూ చేతుల మధ్యనుంచి ఎలాగో బయటపడి తవిటినాయుడు మాస్టారి దగ్గరకు వచ్చాడు. ఒళ్లంతా చెమట. ఊపిరి మాత్రం ఇంకా మిగిలే ఉంది. జూన్ నుంచి మోస్తున్నది అతని నాలుక చివరికి వచ్చింది.

"మాస్టారూ, ఆ ప్రశ్న..."

దాలయ్య తువ్వాలు అందించాడు. "ఆ ఇరవై ఎనిమిది సెకండ్లూ అక్కడేటి సేసావురా?"

తవిటినాయుడు ఆలోచించాడు. "ఏటీ సెయ్యలేదు మాస్టారూ. బెంచీ మీద ఎలాగున్నానో అక్కడా అలాగే ఉన్నాను."

"ఊఁ," అన్నాడు దాలయ్య. "ఇప్పుడు కూకున్నావు."